శాలువా సరే, కథ పూర్తి కానివ్వండి

మన దగ్గర సాంస్కృతిక కార్యక్రమం ఎట్లా నడుస్తుందో కొత్తగా చెప్పేదేం లేదు. కార్డు మీద సాయంత్రం ఆరు గంటలని ఉంటుంది. ఏడు దాటాక ముఖ్య అతిథి కారు దిగుతారు. జ్యోతి ప్రజ్వలనకు అగ్గిపెట్టె దొరకదు, దొరికాక ఫ్యాను గాలికి వత్తి నిలవదు. వేదిక మీద పది కుర్చీలుంటే పైకి పిలవాల్సిన పేర్లు ఇరవై ఉంటాయి. ప్రతి ఒక్కరూ "సమయాభావం వల్ల రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టి పావుగంట లాగుతారు. తర్వాత శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. ఇవన్నీ అయ్యాక యాంకరమ్మ స్టేజీ పక్కకు వెళ్తుంది. అక్కడ మధ్యాహ్నమే బస్సు దిగి, మొహానికి రంగు పూసుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డ కళాకారుడు ఉంటాడు. ఆయన చెవిలో చెప్తుంది: "అన్నా, పది నిమిషాల్లో ముగించాలె."

ఆ పది నిమిషాల మీదే నా కొట్లాట. కళాకారుడికి మర్యాద తక్కువైందని కాదు. మర్యాదకేం లోటు లేదు, ఇంట్లో బీరువా నిండా శాలువాలున్న కళాకారులు మన దిక్కు చాలామందే ఉన్నారు. తక్కువైంది టైము. మూడు గంటల కథను పది నిమిషాలకు కోస్తే కథ పోయి వేషం మిగులుతుంది. ఏళ్ల తరబడి మనం వేషాలకే చప్పట్లు కొట్టి, కళను బతికించామనుకుని ఇంటికి పోతున్నాం.

ఈ మాట గాలిలో అనడం లేదు. వరంగల్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పోయిన దీపావళి తర్వాత మొదలుపెట్టి ఉగాది దాకా కళా ప్రదర్శనల సీజన్ ఒకటి నడిపాం. పదిహేను రోజులకో శనివారం, సాయంత్రం ఆరున్నరకు. హాలంటే గొప్పగా ఊహించుకోకండి. శారీ ఫంక్షన్లు, ధోతీ ఫంక్షన్లు, రిటైర్మెంట్ సన్మానాలు, దశదిన కర్మ భోజనాలు, ఎలక్షన్లొస్తే పోలింగ్ బూత్, అన్నిటికీ అదే హాలు. ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు థర్మాకోల్ అక్షరాలు గోడకు ఇంకా సగం అంటుకునే ఉంటాయి. స్టేజీ మోకాలెత్తు. ప్లాస్టిక్ కుర్చీలు ముందు నుంచి నాలుగు వరుసలు తీసేసి కొత్తవాడ షత్రంజీలు పరిస్తే పిల్లలు, ముసలివాళ్లు హాయిగా కూర్చుంటారు. (వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ షత్రంజీల మీదే కూర్చుని పెరిగినవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.)

మేం పెట్టుకున్న షరతులు ఇవి: ముఖ్య అతిథి ఉండడు, శాలువా ఉండదు, ఒక సాయంత్రానికి ఒకటే కళ, ఇవ్వాల్సిన డబ్బు ఆట మొదలవకముందే చేతిలో పెట్టాలి. అన్నిట్లోకీ మొదటిదే కష్టమైంది. "పెద్దమనిషిని పిలవకపోతే రేపు హాలు రిపేరుకు ఎవరిని అడుగుతం?" అని కమిటీలో సగం మంది టెన్షన్ పడ్డారు. చివరికి పిలిచాం, కానీ చూడ్డానికి పిలిచాం. ఆయన వచ్చి మూడో వరుసలో కూర్చున్నారు, గంటన్నర చూశారు, ఫోనొస్తే లేచి వెళ్లారు. ఏ ప్రళయమూ రాలేదు.

డోళ్ల మోతతో మల్లన్న, బీరప్ప లాంటి దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కథతో మొదలుపెట్టాం. కారణం భక్తి కాదు, క్యాలెండర్. సంక్రాంతి వచ్చిందంటే ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న జాతరలు మొదలై ఉగాది దాకా సాగుతాయి. ఆ రోజుల్లో ఒగ్గు పూజారులకు దేవుడి ముందు ముగ్గుల పట్నాలు వేయడంతోనే ఊపిరాడదు. అది వాళ్ల బతుకుదెరువు, వాళ్ల మొక్కు కూడా. ఆ సమయంలో ఫోన్ చేసి "మా హాలుకు వస్తారా" అని అడగడమే తప్పు. అందుకే కార్తీకంలోనే పిలిచాం. ఇట్లాంటి సీజన్ పెట్టాలనుకునేవాళ్లు ముందు కళాకారుల క్యాలెండర్ తెలుసుకుని, ఆ తర్వాతే హాలు బుక్ చేసుకోవాలి. ఈసారి జనవరి 28 నుంచి 31 దాకా మేడారం. ఆ నెల రెండో సగంలో ఏది పెట్టినా కుర్చీలే చూడాలి. అందుకే ఏదీ పెట్టలేదు.

ఇవాళ్టి పిల్లలకు ఒగ్గు అంటే తెలిసింది ఒగ్గు డోలు. మంత్రి గారు వచ్చినా, షాపింగ్ మాల్ ఓపెనింగైనా, గజ్జెలు కట్టిన పదిమంది డోళ్లు వాయిస్తూ ఒకరి భుజాల మీద ఒకరెక్కి చేసే విన్యాసం. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ అందులో మల్లన్న లేడు, బీరప్ప లేడు, ఎల్లమ్మ లేదు. పెళ్లికొడుకు లేని బరాత్ అది. జనగామ దిక్కు చుక్క సత్తయ్య గారి లాంటివాళ్లు ఒగ్గు కథను సంగీత నాటక అకాడమీ అవార్డు దాకా తీసుకుపోయింది కథ చెప్పి. ఆ కథను పక్కనపెట్టి డోలును మాత్రం పిలిస్తే, కొన్నేళ్లకు డోలు కొట్టేవాళ్లే మిగులుతారు. కథ చెప్పే గొంతు తయారు కావడానికి ఎవరూ కారణం ఇవ్వడం లేదు కదా.

మా హాలుకు వచ్చిన కథకుడు అరవై దాటినాయన. స్టేజీ ఎక్కనన్నాడు. షత్రంజీల అంచున నేల మీదే నిలబడి మల్లన్న కథ ఎత్తుకున్నాడు. ఆయన దగ్గర ఉన్న సరంజామా అంతా భుజం మీది కండువా. తల మీదికి లాక్కుంటే బలిజ మేడలమ్మ, నడుముకు బిగిస్తే మల్లన్న, చుట్టగా చుట్టి రెండు చేతుల్లో ఊపితే పసిబిడ్డ. పక్కాయన ప్రతి చరణం చివరా "ఆఁ, మరి?" అని అందుకుంటాడు. ఆ "మరి" ఎక్కడ సాగాలో, ఎక్కడ తెగాలో వాళ్లిద్దరికే తెలుసు. మొదటి అరగంట జనం నిలకడగా లేరు. పిల్లలు బయటికీ లోపలికీ, ఆడవాళ్లు పక్కవాళ్లతో ముచ్చట్లు, మగవాళ్లు ఫోన్లు. మేడలమ్మకూ గొల్ల కేతమ్మకూ మాటామాటా పెరిగే చోట ఎవరిదో ఫోన్ గట్టిగా మోగింది. కథకుడు ఆగలేదు. అదే రాగంలో, కేతమ్మ గొంతుతో, "ఎవరే అక్కా నీకు ఫోన్ జేసింది, ఎత్తరాదే!" అన్నాడు. హాలంతా పడి పడి నవ్వింది. అప్పటి నుంచి అందరూ ఆయన చేతిలో ఉన్నారు.

పది నిమిషాల కార్యక్రమం చేసే ద్రోహం అర్థం కావాలంటే ఆ అరగంటను గుర్తుపెట్టుకోవాలి. జనం కుదురుకోవడానికి, కథకుడు జనాన్ని చదువుకోవడానికి పట్టే సమయం అది. మన సభల్లో ఆ అరగంట మొదలు కాకముందే "ధన్యవాదాలు, ఇప్పుడు తరువాతి అంశం" అంటారు. అంతా అయ్యాక "జనానికి ఇంట్రెస్ట్ లేదండీ" అంటారు. ఇంట్రెస్ట్ పుట్టే చోటికి వాళ్లను రానిచ్చిందెక్కడ?

చేర్యాల పటానిదీ ఇదే గతి. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన బట్ట మీద ఎర్రటి నేపథ్యంలో కథనంతా వరుస గళ్లుగా, గజాల పొడవున గీసేవారు నకాశీలు. అది గోడకు పెట్టుకునే బొమ్మ కాదు, కథ చెప్పేవాడి పుస్తకం. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు, గౌడులకు గౌడ జెట్టీలు చెప్తారు. కులానికో కథ, ఆ కథకో పటం. ఇప్పుడు అందులో ఒక గడి మాత్రం ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. చిత్రకారుడు బతకాలి, తప్పేం లేదు. కానీ మా హాల్లో ఒక శనివారం కిటికీ ఊచ నుంచి ఎదుటి స్తంభం దాకా తాడు కట్టి పటం వేలాడదీసి, కథకుడు కట్టెతో ఒక్కో గడినీ చూపిస్తూ పోతుంటే, ఇంట్లో ఆ ఫ్రేము ఉన్నవాళ్లే నోరు తెరుచుకుని చూశారు.

కాకతీయుల నాటి పేరిణి నాట్యం దారి వేరు. నటరాజ రామకృష్ణ గారు జాయపసేనాని రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళినీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని ఏళ్లు కష్టపడి దాన్ని మళ్లీ నిలబెట్టారు. 1985లో రామప్ప గుడి దగ్గర జరిగిన ప్రదర్శన గురించి చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత ఓపికతో తిరిగొచ్చిన నాట్యాన్ని ఇవాళ మనం దేనికి వాడుతున్నాం? అతిథులు వేదిక ఎక్కేలోపు ఖాళీ కనిపించకుండా నాలుగు నిమిషాల స్వాగత నృత్యానికి.

ఇక చిందు. సీజన్ మొత్తంలో కమిటీ అసలైన గొడవ పడింది దీని గురించే.

చిందు వాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. ఏయే ఊళ్లు ఏ కుటుంబానివో మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకుని, ఆ ఊళ్లకు వెళ్లి మాదిగవాడల్లో యక్షగానం ఆడి, తమకు రావాల్సింది తీసుకునేవారు. రామాయణ భారతాలు ఆడతారు, ఎల్లమ్మ కథ ఆడతారు. వాళ్లకు ప్రాణం మాత్రం జాంబపురాణం. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవుడు, కులాల పుట్టుక గురించి బ్రాహ్మణుడితో వాదానికి దిగే కథ. మాదిగల పుట్టుక గొప్పతనం చెప్పే కథ.

మా కమిటీలో ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు: "చెంచులక్ష్మి పెట్టిద్దాం. ఫ్యామిలీలు వస్తయి, పిల్లలు చూస్తరు." అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. చెంచులక్ష్మి మంచి ఆటే. కానీ ఆ మాట వెనకున్నది పిల్లల గురించిన దిగులు కాదని గదిలో అందరికీ తెలుసు. అన్ని కులాలవాళ్లూ ఉన్న కాలనీ. హాల్లో నిలబడి జాంబవుడు బ్రాహ్మణుడిని నిలదీస్తే ఎవరి మొహం ఎట్లా మారుతుందో అన్నదే భయం. రెండు మీటింగులు దీనికే పోయాయి. మేళం పెద్దను అడిగితే ఆయన, "మీరేదంటే అది ఆడుతం సార్" అన్నాడు. అలవాటైపోయిన జవాబు. "మీకేది ఇష్టం?" అని అడిగితే కొంచెం ఆగి, "జాంబపురాణం అడిగేటోళ్లే లేరు" అన్నాడు. దాంతో వాదన అయిపోయింది.

ఆ సాయంత్రం నాలుగింటికే రేకు సందూకులతో వచ్చారు. హాలు వెనక వంటపాత్రలు పెట్టే గదిని ఇచ్చాం. గోడకు ఆనించిన అద్దం ముక్క, దాని ముందు బాసింపట్టు వేసుకుని ఒకాయన, కొబ్బరినూనెలో కలిపిన పసుపు రంగు అర్దళాన్ని మొహానికి సమంగా పట్టించుకుంటున్నాడు. కనుబొమ్మలు, నామం, మీసం ఒకదాని తర్వాత ఒకటి. చెయ్యి వణకదు, తొందర ఉండదు. తేలిక కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు, వాటి మీద అద్దాల బిళ్లలు, అక్కడక్కడ రాలిన చోట అతికించిన చాక్లెట్ కాగితాలు. కాలనీ పిల్లలు తలుపు దగ్గర గుంపుగా చేరి ఒక్క మాట లేకుండా చూశారు. ఆటలో ఆడవాళ్లూ ఉన్నారు. చిందుల్లో ఇది కొత్తేం కాదు, నిజామాబాద్ దిక్కు చిందు ఎల్లమ్మ మగ వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నారు. మా హాల్లో బ్రాహ్మణ వేషం కట్టిందీ ఒకావిడే.

ఆట మొదలైంది. జాంబవుడి ప్రశ్నకో ప్రశ్న, బ్రాహ్మణుడి తడబాటు, మధ్యలో మద్దెల, అడుగులు. మొదట నవ్వింది వెనక వరుసలో ఉన్న కుర్రాళ్లు. తర్వాత అందరూ నవ్వారు, పేచీ వస్తుందని భయపెట్టిన పెద్దాయనతో సహా. హాల్లో గొడవేమీ జరగలేదు. అట్లాగని కులం కరిగిపోయిందని రాయను. ఆట అయ్యాక మేళం వాళ్లతో కలిసి భోజనానికి కూర్చున్నది ఎవరో, "ఇంట్లో పనుంది" అని వెళ్లిపోయింది ఎవరో నేను చూశాను. కానీ ఊళ్లో వాడ దాటి రాని కథ, ఒక మిశ్రమ కాలనీ మధ్యలో, పూర్తిగా, కత్తిరింపు లేకుండా వినిపించింది. పది నిమిషాల స్లాటులో అయితే ఆ కథ ఎట్లాగూ వచ్చేది కాదు. కోత పడ్డప్పుడల్లా ముందు పోయేది ఇబ్బంది పెట్టే భాగమే.

చిందు యక్షగానానికి జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం, ఆలస్యమైనా వచ్చింది. కానీ అవార్డు వార్త వచ్చిన మరుసటి శనివారం, ఇంకా పేరు రాని మిగతా మేళాలు ఎక్కడ ఆడతాయి? సర్కారు వైపు నుంచి సాంస్కృతిక సారథి ఉంది. రాష్ట్రం వచ్చాక 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చి జీతాలివ్వడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. వాళ్లకు అప్పజెప్పిన పని మాత్రం పథకాల ప్రచారం. ఎంత బాగా పాడినా పథకం పాట పథకం పాటే.

డబ్బు సంగతికొస్తాను. "తెలుగువాళ్లు టికెట్ కొనరు" అని ఒక నమ్మకం ఉంది మనకు. కొనరట, అందుకే స్పాన్సర్ కావాలట, స్పాన్సర్ వచ్చాడు కాబట్టి ఆయన స్టేజీ ఎక్కాలట, ఎక్కాడు కాబట్టి మాట్లాడాలట. శాలువా కథంతా ఇక్కడే మొదలవుతుంది. కానీ ఊళ్లో ఒగ్గు కథైనా చిందైనా ఉచితంగా నడిచింది ఎప్పుడు? కథ మంచి పట్టు మీద ఉండగా ఆపి కట్నాలు చదివిస్తారు. ఫలానా ఇంటివారు నూటపదహార్లు అని పేరుపేరునా పాడి, వాళ్ల ఇల్లు పచ్చగుండాలని, మంద పెరగాలని దీవించి, అప్పుడు మళ్లీ కథ ఎత్తుకుంటారు. ఇవ్వనివాడు ఊళ్లో తలెత్తుకోలేడు. చూసినవాడు చెల్లించాలన్నది ఆ కళల్లోనే ఉంది, మనమే సభ పెట్టి దాన్ని తీసేశాం.

మేం యాభై రూపాయల టికెట్ పెట్టాం, పిల్లలకు లేదు. కమిటీలో కొందరికి ఇది నామోషీ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. ఒగ్గు రోజు టికెట్ తీసుకుని కూడా మధ్యలో కట్నాలు ఆపలేదు. టికెట్ కొన్నవాళ్లే లేచి మళ్లీ ఇచ్చారు, మైకులో పేరు వినబడాలి కదా! సీజన్ చివరికి లెక్క చూస్తే హాలు కరెంటు, చాయ్, రవాణా పోను చిన్న లోటు వచ్చింది. చందాలతో పూడ్చాం. ఆ లోటు పెద్దదేమీ కాదని నా వాదన. కాలనీ వినాయకుడి డీజేకు ఒక్క రాత్రి పెట్టే ఖర్చుతో పోలిస్తే లెక్కలోకే రాదు. ఆ పోలిక తెస్తే కమిటీలో కొందరు నాతో మాట్లాడరు, అందుకని ఇక్కడే రాస్తున్నాను.

"ఇంత పెద్ద కాళోజీ కళాక్షేత్రం ఉండగా ఈ చిన్న హాలేంటి" అని అడిగినవాళ్లున్నారు. కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగింది, 2024 నవంబర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్లు ఎదురుచూసిన భవనం, ఉండాల్సిందే. పెద్ద నాటకానికి, సంగీత కచేరీకి అలాంటి వేదిక కావాలి. కానీ వెయ్యి మంది పట్టే చోట ఒగ్గు కథకుడి కండువా ఎవరికి కనబడుతుంది? ఎల్‌ఈడీ తెర మీద చూపిస్తే ఇక టీవీ చాలు. పైగా ఈ ఊరి అలవాటు చిన్న గదులది. 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1918లో మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లు వెయ్యి సీట్ల కోసం ఆగలేదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సభ పెట్టుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి తీసుకోవాల్సిన రోజుల్లో మనుషులు కలిసి కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడానికి దొరికింది అలాంటి గ్రంథాలయాలే. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక కూడా 2010 నుంచి ఒక పాత ఇంటి ఆవరణలోనే నడుస్తోంది. భవనం కంటే ముందు కావాల్సింది ఫలానా రోజు పోతే ఏదో ఒకటి ఉంటుందన్న నమ్మకం.

అన్నీ బాగా జరిగాయని కాదు. సంగీత కచేరీ రోజు ఇంటర్ ప్రాక్టికల్స్ ముంచుకొచ్చి హాలు సగం కూడా నిండలేదు. మిమిక్రీ సాయంత్రం గోల గోలగా సాగింది. నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు ఇది, ఇక్కడ ప్రతి మూడో కుర్రాడూ గొంతు మారుస్తాడు, ఎవరినీ ఆపలేకపోయాం. కవి సమ్మేళనానికి వచ్చినవాళ్లంతా చదవడానికి వచ్చినవాళ్లే. ఆ రోజు టికెట్ ఎవరు ఎవరికి అమ్మాలో తెలియలేదు.

ఆదిలాబాద్ దిక్కు గోండులు ఆడే గుస్సాడీ పెట్టాలని కొందరు యువకులు పట్టుబట్టారు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చాక దాని పేరు అందరి నోటా ఉంది, నెమలి ఈకల టోపీతో పోస్టర్ కూడా అదిరిపోతుంది. నేను ఒప్పుకోలేదు. గుస్సాడీ దీపావళితో ముగిసే దండారీ పండుగలో భాగం. నియమం పట్టి, ఊరి నుంచి ఊరికి అతిథులుగా వెళ్లి ఆడేది. ఫిబ్రవరిలో ఒక కాలనీ హాల్లో దానికేం పని? చూడాలనుకుంటే దీపావళి ముందు ఉట్నూరు దిక్కు మనమే బండి కట్టుకుని పోవాలి. టైము ఇవ్వడమంటే కొన్నిసార్లు మన టైము ఇవ్వడం కూడా.

వచ్చే సీజన్‌కు బీరప్ప కథ మూడు రాత్రులు వరుసగా పెట్టాలని ఉంది. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ చప్పుడు బయటికి పోకూడదు, అది రూలు. కిటికీలు మూస్తే హాల్లో ఉడికిపోతాం. ఒగ్గాయననే అడిగాను ఏం చేద్దామని. "మైకు మీ కోసం పెట్టిన్రు, నా కోసం కాదు" అన్నాడు. మైకు తీసేస్తున్నాం. సౌండ్ వాళ్లకు కట్టే డబ్బుతో ఇంకో డోలాయన వస్తాడట. డిసెంబర్‌లో మూడు రాత్రులు వరుసగా హాలు ఖాళీ ఉందో లేదో మాత్రం ఇంకా తేలలేదు. మధ్యలో ఎవరిదో ధోతీ ఫంక్షన్‌కు అడ్వాన్స్ ఇచ్చి పోయారట, వాళ్లతో మాట్లాడాలి.